బిళ్ళ కట్టడం: ఒక చిన్న చరిత్ర

మన బడి ఆటస్థలంలో పడమటి గోడ పక్కన సర్కారు తుమ్మ చెట్లుండేవి. 1983 బ్యాచ్ వాళ్లకూ, అంతకు ముందు వాళ్లకూ అవి గుర్తుండే ఉంటాయి. చెప్పుల్లేకుండా కబడ్డీ ఆడేవాళ్లం. ముల్లు దిగేది, ఇంట్లో చెబితే తిడతారని చెప్పేవాళ్లం కాదు. రెండో రోజుకల్లా గజ్జల్లో బిళ్ళ కట్టేది. కుంటుకుంటూ తరగతికి వస్తే దొరికిపోయేవాళ్లం.

ఎనిమిదో తరగతిలో ఒకసారి నేనలా దొరికినప్పుడు మా సైన్సు మాస్టారు బల్ల మీద కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగారు. "ముల్లు దిగింది పాదంలో కదరా, వాపు గజ్జల్లో ఎందుకొచ్చింది?" ఎవరికీ తెలియలేదు. "అక్కడ కాపలావాడున్నాడు. వాడు మేలుకున్నాడని అర్థం" అని, శోషరస గ్రంథి అనే మాట బోర్డు మీద రాశారు. పరీక్షలో రెండు మార్కులకు పనికొచ్చింది. తర్వాత మరిచిపోయాను.

సావనీరు కమిటీ వాళ్లు మీ వృత్తి గురించి ఏదైనా రాయండి అన్నారు. నేను డ్రెయినేజీ ఇంజనీరుని. ముప్పై ఏళ్లు కృష్ణా డెల్టా మురుగు కాలువల గట్ల మీద తిరిగినవాణ్ణి. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ మాస్టారి ప్రశ్న మా ఇంట్లోకి రెండుసార్లు వచ్చింది. 1992లో మా అమ్మ చంకలోకి, 2019లో మా చెల్లెలి చంకలోకి. ఆ రెండు తేదీల మధ్య వైద్యులు బిళ్ళను చూసే చూపు ఎలా మారిందో చదువుతూ పోతే అదొక చరిత్ర అయింది. అందుకని అదే రాస్తున్నాను. డాక్టర్లైన పూర్వ విద్యార్థులు తప్పులుంటే దిద్దగలరు.

ముందు డ్రెయిన్ల సంగతి. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, పంట వచ్చింది. పొలంలోకి నీళ్లు తీసుకురావడం మీద ఉన్న శ్రద్ధ, పొలంలోంచి నీళ్లు బయటికి పంపడం మీద ఉండేది కాదు. మురుగు పారుదల కోసం ప్రత్యేకంగా సెస్ వసూలు చేసే చట్టం కృష్ణా, గోదావరి డెల్టాలకు 1968లో గాని రాలేదు. డెల్టా రైతుకు తెలుసు, కాలువ రాకపోతే ఒక పంట పోతుంది, డ్రెయిన్ పూడితే చేనే పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లకూ తెలిసింది.

ఒంట్లోనూ ఇంతే. రక్తనాళాలు కాలువలు. వాటిలోంచి ఊరి కండలోకీ కొవ్వులోకీ చేరిన నీరంతా తిరిగి రక్తంలోకి పోదు. మిగిలినదాన్ని లింఫు నాళాలు పోగుచేసి, మెడ దగ్గర పెద్ద సిరల్లో కలుపుతాయి. రోజుకు కొన్ని లీటర్లు. దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజ ఆకారంలో బిళ్ళలుంటాయి, మనిషికి ఐదారు వందలు. ఒక ప్రాంతం నీరంతా ఆ ప్రాంతపు బిళ్ళల గుండానే పోవాలి. రొమ్ము నీరు ఎక్కువ భాగం చంకకు, నోటి నీరు మెడకు, కాలి నీరు గజ్జలకు.

ఆ డ్రెయిన్ పూడితే ఏమవుతుందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా? బోదకాలు. మా చిన్నప్పుడు వీధికొక బోదకాలు మనిషి ఉండేవారు. ఫైలేరియా వాళ్లు రాత్రి పదింటికి వచ్చి, నిద్రలో ఉన్నవాళ్లను లేపి వేలి మీద పొడిచి రక్తం తీసేవారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో పైకి వస్తాయి మరి. తల్లి పురుగులు కాపురముండేది లింఫు నాళాల్లో.

ఈ నాళాలను తొలిసారి చూసి రాసినవాడు ఇటలీలో గాస్పరే అసెల్లి, 1622లో, అప్పుడే తిండి తిన్న కుక్క కడుపు కోసినప్పుడు. అక్కడి నుంచి రెండు వందల ఏళ్లు దాటేస్తాను. జర్మనీలో రుడాల్ఫ్ విర్చో దగ్గర ఆగాలి. చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న ఒక సైనికుడి శవాన్ని పరీక్షించినప్పుడు, ఆ ఎర్ర ఇంగిలీకం రేణువులు చంకలోని బిళ్ళలో పేరుకుని ఉండటం ఆయన చూశాడు. ఎప్పుడో పడుచుతనంలో పొడిపించుకున్న పచ్చబొట్టు రంగు, అన్నేళ్ల తర్వాత కూడా ఆ బిళ్ళ దాటి పోలేదు. మా నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు తేలు ఉండేది. దాని రంగు కొంత ఆవిడ చంకలోనూ ఉండి ఉంటుందని ఇది చదివాక తట్టింది.

1858 ప్రాంతంలో విర్చో దాన్నిబట్టి ఒక సిద్ధాంతం చెప్పాడు. బిళ్ళ ఒక జల్లెడ. వచ్చినదాన్ని ఆపుతుంది. క్యాన్సర్ కణాలనూ కొంతకాలం ఆపుతుంది, అది నిండిపోయాక కణాలు పైకి పోతాయి. ఇంజనీరు చెవికి ఎంతో సబబుగా వినిపించే మాట. దానినుంచి శస్త్రచికిత్సకులు తీసిన తీర్మానం కూడా సబబుగానే ఉంటుంది: జల్లెడ నిండకముందే జల్లెడతో సహా తీసిపారెయ్యి.

తీసిపారేసినవాళ్లలో పెద్ద పేరు అమెరికాలో బాల్టిమోర్‌కు చెందిన విలియం హాల్‌స్టెడ్‌ది. రొమ్మును, దాని కింద ఛాతీ కండరాలను, చంకలోని బిళ్ళలన్నిటినీ ఒకే ముద్దగా తీసే ఆపరేషన్‌ను ఆయన 1880లలో మొదలుపెట్టి, 1894లో 50 మంది రోగుల ఫలితాలు ప్రకటించాడు. రొమ్ములో గడ్డ మళ్లీ అదే చోట రావడం బాగా తగ్గింది. అది నిజమే, అప్పటికి అది గొప్ప మేలే. 1906లో క్లీవ్‌లాండ్‌లో జార్జ్ క్రైల్ మెడ బిళ్ళలకు అదే పని చేశాడు. నోటి క్యాన్సర్‌కు మెడలో ఒక పక్కనున్న బిళ్ళలన్నీ తీసే ఆపరేషన్ ఆయన పేరుతోనే నిలిచింది. తర్వాతి డెబ్బై ఏళ్లు ప్రపంచమంతా ఇదే దారి. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిది.

మా అమ్మకు 1992లో ఆపరేషన్ అయ్యేనాటికి ఛాతీ కండరాలు వదిలేస్తున్నారు, చంక మాత్రం పూర్తిగా ఖాళీ చేస్తున్నారు. అప్పటి పద్ధతి అది, చేసిన డాక్టరు గారు సమర్థులు. రిపోర్టులో 17 బిళ్ళలు తీసినట్టు, వాటిలో 3 బిళ్ళల్లో క్యాన్సర్ ఉన్నట్టు రాసి ఉంది. అమ్మ బతికింది, ఇప్పుడు 79 ఏళ్లు. ఈ వ్యాసంలో ఏ మాట చదివినా ఆ ఒక్క మాట మరవకండి.

కానీ ఏడాది తిరక్కుండా ఎడమ చెయ్యి వాచింది. చంకలో బిళ్ళలన్నీ తీయించుకున్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా అవుతుందని తర్వాత తెలిసింది. ఇరుగుపొరుగు దాన్ని బోదచెయ్యి అన్నారు. ఒక రకంగా తప్పు కాదు, పురుగు చేసే పని కత్తి చేసింది, డ్రెయిన్ పోయింది. ముప్పై ఏళ్లు డ్రెయిన్లు పూడిక తీయించినవాణ్ణి, మా అమ్మ చేతికి ఏమీ చేయలేకపోయాను. ఆ చేతికి బీపీ చూడకూడదు, ఇంజక్షన్ చేయకూడదు, కూరగాయలు తరిగేటప్పుడు గాటు పడకూడదు. పండక్కి గాజులు ఎక్కలేదు. ఉన్నవి సబ్బు నురగ పెట్టినా రాకపోతే కంసాలి దగ్గరికి తీసుకెళ్లి కోయించాం. నాన్న బతికి ఉండగా ఒక చేతికే గాజులు వేసుకుని పేరంటానికి వెళ్లడం ఆవిడకు రొమ్ము పోయినదానికంటే ఎక్కువ బాధ. ఆ మాట ఆవిడే అన్నది.

బిళ్ళల్లో క్యాన్సర్ ఉంది గనక ఆరు విడతలు మందు ఎక్కించారు. మూడు మందుల కలయిక: సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్. చంక బిళ్ళల్లోకి పాకిన రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తర్వాత ఈ మూడూ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని మిలాన్‌లో జియాన్ని బొనడొన్నా 1976లో చూపించాడు. ఇందులో మధ్య మందు మనవాడిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిన రోజుల్లో, 1947 ప్రాంతంలో, ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు ఆయన బృందం తయారుచేసింది. మొదట అమినోప్టెరిన్, వెంటనే మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి 1948లో ఫలితం ప్రకటించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు.

ఇంకో సంగతి ఉంది. బోదకాలు మందు, ఏటా ఊరంతటికీ ఒకేరోజు పంచుతారే, ఆ డీఈసీ మాత్ర, అది కూడా ఆయన ప్రయోగశాలదే, 1947లో. పురుగు పూడ్చిన డ్రెయిన్‌కు ఒక మందు, అదే డ్రెయిన్లో దిగిన క్యాన్సర్‌కు ఇంకో మందు, ఒకే డెల్టా మనిషి దగ్గర్నుంచి. అమ్మకు ఈ సంగతి చెబితే, "భీమవరమా? ఏ యల్లాప్రగడ వారు?" అని మొదలుపెట్టింది.

ఇక అసలు విషయం. బిళ్ళ జల్లెడేనా?

అనుమానం మొదట వచ్చింది సూక్ష్మదర్శిని పట్టినవాళ్లకు. 1950లలో న్యూయార్క్‌లో మారిస్ బ్లాక్ అనే పెథాలజిస్టు రొమ్ము క్యాన్సర్ రోగుల చంక బిళ్ళలను కొత్తగా చూడటం మొదలుపెట్టాడు. అందరూ వాటిలో క్యాన్సర్ ఉందా లేదా అని చూస్తుంటే, ఆయన బిళ్ళ తానుగా ఏం చేస్తోందని చూశాడు. కొన్ని బిళ్ళల లోపలి దారుల్లో భక్షక కణాలు కిటకిటలాడుతున్నాయి, కొన్నిటిలో స్తబ్దుగా ఉంది. అలా సందడిగా ఉన్న బిళ్ళలు కలిగిన స్త్రీలు ఎక్కువ కాలం బతికారని 1953 నుంచి వరసగా రాశాడు. మిగతా ప్రయోగశాలలు కొన్ని ఔనన్నాయి, కొన్ని మాకు కనపడలేదన్నాయి. లెక్క తేలలేదు గాని, ప్రశ్న మారింది. మా మాస్టారి మాటల్లో చెప్పాలంటే, కాపలావాడు మేలుకుని ఉన్నాడా నిద్రపోయాడా అని అడిగిన మొదటి మనిషి ఆయన.

ఇంకొకడు సాక్షాత్తూ మెడ ఆపరేషన్ పెట్టిన క్రైల్ గారి కొడుకు. ఆయన పేరూ జార్జ్ క్రైలే. తండ్రి స్థాపించిన క్లీవ్‌లాండ్ క్లినిక్‌లోనే పనిచేస్తూ, చేతికి తగలని చంక బిళ్ళలను ముందే తీసేయడం అనవసరమని, బహుశా హాని కూడానని 1960లలో వాదించాడు. అవి క్యాన్సర్‌తో పోరాడే బిళ్ళలు కావచ్చు గదా అన్నది ఆయన మాట. తోటి సర్జన్లు ఆయన్ని దాదాపు వెలివేశారు. తండ్రి తీసెయ్యమన్నదాన్ని కొడుకు ఉంచమనడం మన ఇళ్లలోనూ జరిగేదే, కాకపోతే ఇక్కడ ప్రాణాలతో ముడిపడి ఉంది.

వాదనతో తేలదు, కొలవాలి. కొలిచినవాడు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. తమ్ముడు ఎడ్విన్ పెథాలజిస్టు. అన్నదమ్ములిద్దరూ 1960లలో జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్యాన్సర్ కణాలు బిళ్ళల్లో ఆగకుండా సులువుగా దాటిపోతున్నాయని చూపారు. జల్లెడ సిద్ధాంతానికి అక్కడే కన్నం పడింది. తర్వాత 1971లో మనుషుల మీద పరీక్ష మొదలుపెట్టాడు. చంకలో చేతికి తగిలే బిళ్ళ లేని వెయ్యి మందికి పైగా స్త్రీలను చీట్లు తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు హాల్‌స్టెడ్ ఆపరేషన్. ఒక గుంపుకు రొమ్ము మాత్రం తీసి చంకకు రేడియేషన్. మూడో గుంపుకు రొమ్ము మాత్రం తీసి, చంకను అలాగే వదిలేసి, తర్వాత బిళ్ళ కడితే అప్పుడు తీయడం.

మొదటి గుంపులో తీసిన బిళ్ళలను పరీక్షిస్తే సుమారు 40 శాతం మందికి వాటిలో క్యాన్సర్ ఉంది. చీట్లు తీసి చేసిన గుంపులు గనక మూడో గుంపులోనూ అంతమందికే ఉండాలి. వాళ్లకు ఏ చికిత్సా చంకకు చేయలేదు. కానీ తర్వాత బిళ్ళ బయటపడి తీయాల్సి వచ్చింది 18 శాతం మందికే. మిగతా సగం ఏమైంది?

నేనీ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మురుగు కాలువలో వంద టన్నుల పూడిక చేరిందని లెక్క తేలి, తవ్వితే యాభయ్యే దొరికితే ఇంజనీరు ఊరుకోడు. రొమ్ముతో పాటు కొందరికి కొన్ని బిళ్ళలు పొరపాటున ఊడివచ్చాయన్నది ఒక జవాబు, అది కొంత నిజమే. కొన్ని కణాలు అక్కడే ఎదగకుండా పడి ఉన్నాయన్నది ఇంకొకటి. ఒంటి రక్షణే కొన్నిటిని సంహరించి ఉండవచ్చన్నది మూడోది. నా మొగ్గు ఎటో మీరు ఊహించగలరు, అయినా మొగ్గు రుజువు కాదు. రుజువైనది వేరే: 25 ఏళ్లు వెంబడించి 2002లో ప్రకటించిన లెక్కలో మూడు గుంపుల ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు. తొంభై ఏళ్లుగా తీస్తూ వచ్చిన చంకలు, చేతికి తగిలే బిళ్ళ లేనివాళ్ల విషయంలో, ముందుగా తీయనవసరం లేనివి. ఫిషర్‌ను ఆయన కాలపు సర్జన్లు సమావేశాల్లో తిట్టారు. ఆయన 101 ఏళ్లు బతికి 2019 అక్టోబరులో పోయారు.

ఈలోగా బిళ్ళ లోపల ఏం జరుగుతుందో వేరే వైపు నుంచి తెలుస్తూ వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ 1950ల చివర ఎలుకల పెద్ద లింఫు నాళానికి గొట్టం పెట్టి లింఫును బయటికి తోడేశాడు. కొద్ది రోజుల్లో అందులో తెల్లకణాలు తగ్గిపోయాయి. తోడినవి తిరిగి ఎక్కిస్తే మళ్లీ మామూలైంది. అంటే లింఫు కణాలు రక్తంలోంచి బిళ్ళలోకి, బిళ్ళలోంచి లింఫులోకి, మళ్లీ రక్తంలోకి తిరుగుతూనే ఉంటాయి, గస్తీ లాగా. 1973లో న్యూయార్క్‌లో రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ కొమ్మలు కొమ్మలుగా ఉండే ఒక కణాన్ని గుర్తించారు. పేరు డెండ్రైటిక్ కణం. ఇది చర్మంలో, పేగులో, గడ్డల్లో కాపు కాసి, అక్కడ దొరికిన పరాయి ముక్కలను నోట కరుచుకుని లింఫు నాళం వెంట బిళ్ళకు చేరుతుంది. అక్కడ తిరుగుతున్న టీ కణాలకు ఒక్కొక్కదానికీ చూపిస్తుంది. సరిపోయే టీ కణం తగిలితే అది విభజన చెంది, వేలకు వేలై, వేటకు బయల్దేరుతుంది. ఆ రద్దీకే బిళ్ళ వాచేది.

కాబట్టి మాస్టారు చెప్పిన కాపలావాడి పోలిక సగమే సరి. బిళ్ళ కాపలా గది కన్నా బడికి దగ్గర. శత్రువు ముఖం అప్పటిదాకా చూడని కణం అక్కడ చూసి, నేర్చుకుని బయటికి వెళుతుంది.

స్టైన్‌మన్ కథ ముగింపు కూడా చెప్పాలి. ఆయనకు 2007లో క్లోమ గ్రంథి క్యాన్సర్ అని తేలింది. తాను కనుక్కున్న కణాలతోనే టీకాలు చేయించుకుని తన మీదే ప్రయోగించుకున్నాడు. ఏళ్లు బతికాడు, టీకా వల్లనా కాదా ఎవరూ చెప్పలేరు. 2011 అక్టోబరు 3న నోబెల్ ప్రకటించారు. ఆయన సెప్టెంబరు 30నే పోయాడు, కమిటీకి తెలియదు. పోయినవాళ్లకు ఇవ్వకూడదన్న నియమం ఉన్నా బహుమతి అలాగే ఉంచారు.

ఇంతవరకు చదివి బిళ్ళలను ముట్టుకోకూడదని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. గడ్డ పక్కనున్న బిళ్ళకు గడ్డ నుంచి పరాయి ముక్కలే కాదు, మత్తుమందు లాంటి రసాయన సంకేతాలూ వస్తాయి. వాటి వల్ల దాడి చేసే కణాలకు బదులు, దాడిని ఆపే టీ కణాలు అక్కడ పెరుగుతాయి. చివరికి క్యాన్సర్ బిళ్ళలోనే కాపురం పెడితే అక్కడ పాఠం చెప్పడం పడకేస్తుంది. సాన్ ఫ్రాన్సిస్కోలో మాథ్యూ స్పిట్జర్ బృందం 2023లో తల, మెడ క్యాన్సర్ రోగుల బిళ్ళలు పరిశీలించి ఈ తేడానే చూపింది: క్యాన్సర్ సోకని బిళ్ళల్లో ఇమ్యునోథెరపీ మందుకు టీ కణాలు చురుగ్గా స్పందించాయి, సోకిన బిళ్ళల్లో ఆ స్పందన కుంటుపడింది.

పైగా రొమ్ముకు చెల్లింది నోటికి చెల్లదు. పొగాకు, గుట్కా, చుట్టల దేశం మనది, నోటి క్యాన్సర్ మన ఇంటి జబ్బు. ముంబయి టాటా మెమోరియల్‌లో అనిల్ డిక్రూజ్ బృందం మొదటి దశ నోటి క్యాన్సర్ రోగుల్లో మెడ బిళ్ళలను ముందే తీస్తే మంచిదా, బయటపడ్డాక తీస్తే మంచిదా అని పరీక్షించి 2015లో ప్రకటించింది. 500 మంది లెక్క. ముందే తీసినవాళ్లలో మూడేళ్లకు 80 శాతం బతికారు, ఆగి తీసినవాళ్లలో 67.5 శాతం. నోటి విషయంలో పెద్ద క్రైలే నెగ్గాడు. యాభై దాటిన మిత్రులకు ఒక మాట: ముల్లు దిగితే కట్టే బిళ్ళ నొప్పి పెడుతుంది, పదిరోజుల్లో కరుగుతుంది. మెడలోనో చంకలోనో నొప్పి లేకుండా గట్టిగా ఉండి, మూడు వారాలకూ పోని బిళ్ళను డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్లు మన బ్యాచ్‌లోనే ఉన్నారు, ఒకరు ఇప్పుడు లేరు.

రొమ్ముకు మధ్యేమార్గం దొరికింది. గడ్డ నీరు మొట్టమొదట ఏ బిళ్ళకు చేరుతుందో దాన్నొక్కదాన్నే కనిపెట్టి పరీక్షించడం. 1977లో రామన్ కబానాస్ వేరే క్యాన్సర్‌లో ఈ ఆలోచన చెప్పాడు. కాలిఫోర్నియాలో డొనాల్డ్ మోర్టన్ 1992లో చర్మ క్యాన్సర్‌కు నీలిరంగు ఎక్కించి ఆ బిళ్ళను పట్టుకున్నాడు, 1994లో అర్మాండో జూలియానో రొమ్ముకు అదే చేశాడు. గమనించారా, మోర్టన్ పత్రం వచ్చిన ఏడే అమ్మ ఆపరేషన్. డ్రెయిన్ ఎటు పోతుందో తెలియకపోతే రంగు కలిపి చూడటం మా శాఖలో పాత పద్ధతే. సర్జన్లకు తట్టడానికి అన్నేళ్లు పట్టింది. జూలియానోయే తర్వాత 891 మంది మీద పరీక్షించి, మొదటి ఒకటి రెండు బిళ్ళల్లో క్యాన్సర్ ఉన్నా మిగతా చంకను వదిలేయవచ్చని చూపాడు. వాళ్లందరూ రొమ్ము ఉంచుకుని రేడియేషన్ తీసుకున్నవాళ్లు, అది మరవకూడదు. పదేళ్లకు వదిలేసినవాళ్లలో 86.3 శాతం, తీసినవాళ్లలో 83.6 శాతం బతికి ఉన్నారు.

ఇప్పుడు ఎప్పుడు తీయాలన్నదే కొత్త ప్రశ్న అయింది. బిళ్ళలో నేర్చుకునే టీ కణాలకు గడ్డ వేసే కళ్లేన్ని విప్పే మందులు వచ్చాయి, దానికి 2018లో జేమ్స్ ఆలిసన్‌కూ తసుకు హోంజోకూ నోబెల్ ఇచ్చారు. గడ్డనూ బిళ్ళలనూ తీసేశాక ఈ మందిస్తే, బడి మూసేశాక పుస్తకాలు పంచినట్టు. అమెరికాలో సప్నా పటేల్ బృందం చర్మ క్యాన్సర్ రోగులకు ఒకే మందు, పెంబ్రోలిజుమాబ్, 18 డోసులు ఇచ్చింది. ఒక గుంపుకు అన్నీ ఆపరేషన్ తర్వాత, ఇంకో గుంపుకు మూడు ముందు, పదిహేను తర్వాత. మందు అదే, డోసులు అవే. జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా రెండేళ్లు గడిపినవాళ్లు మొదటి గుంపులో 49 శాతం, రెండో గుంపులో 72 శాతం. 2025లో నోరు, గొంతు క్యాన్సర్లలో కూడా ఆపరేషన్‌కు ముందు రెండు డోసులు, తర్వాత మిగతావి ఇచ్చిన పరీక్ష ఫలితం వచ్చింది. 714 మంది. జబ్బు తిరగబెట్టకుండా గడిచిన మధ్యస్థ కాలం 30 నెలల నుంచి 51 నెలలు దాటింది. పత్రం మొదటి పేరు రవీంద్ర ఉప్పలూరి. ఆ పేరు చూడగానే కంకిపాడు దారిలోని మన ఉప్పలూరు స్టేషన్ గుర్తొచ్చింది నాకు.

ఆ మందుల ఖరీదు లక్షల్లో. మామూలు ఇంట్లో పొలం అమ్మాల్సిందే. అందుకే టాటా మెమోరియల్‌లో విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం చేసిన పని నాకు వీటన్నిటికంటే నచ్చింది. ముదిరిపోయిన తల, మెడ క్యాన్సర్‌కు అలాంటిదే నివోలుమాబ్ అనే మందును మామూలు డోసులో పదో వంతు కూడా లేకుండా, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. దానికి తోడు చౌక మాత్రలు. ఏడాది బతికినవాళ్లు మాత్రలు మాత్రమే ఇచ్చిన గుంపులో 16 శాతం, ఇది కలిపిన గుంపులో 43 శాతం. ఆ మాత్రల్లో మొదటిది ఏమిటో తెలుసా? మెథోట్రెక్సేట్.

మా చెల్లెలు కూడా మన బడే, 1987 బ్యాచ్. 2019లో విజయవాడలోనే ఆపరేషన్ అయింది. నీలిరంగు ఎక్కించి రెండు బిళ్ళలు తీశారు, బల్ల మీద ఉండగానే పరీక్షించారు, క్యాన్సర్ లేదు. చంకను వదిలేశారు. మర్నాడు ఒంటేలుకు వెళ్లొచ్చి, "అన్నయ్యా, ఆకుపచ్చగా వస్తోందిరా, హోలీ ఆడినట్టుంది" అని నవ్వింది. రంగు అలా పోతుందట.

డిశ్చార్జి రోజున అమ్మ పొద్దున్నే ఆటోలో వన్ టౌన్‌కు వెళ్లి డజను మట్టి గాజులు తెచ్చింది. మంచం పక్కన కూర్చుని చెల్లెలి ఎడమ చెయ్యి పట్టుకుని, మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర, భుజం దగ్గర నొక్కి నొక్కి చూసింది. వాపు ఏడాదికి కూడా రావచ్చని నర్సు చెబుతున్నా వినిపించుకోలేదు. ఒక్కో గాజే ఎక్కించింది. తర్వాత తన ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుని, "బిల్లు ఎక్కడ కట్టాల్రా?" అని నన్నడిగింది.